వండిన చేయి, వడ్డించిన చేయి

ప్రేమకథలో నాయకుడు వంటవాడని తెలియగానే నాకు ఆ నవలమీద ఆశ పుట్టింది. నేను చదివిన ప్రేమ నవలల్లో నాయకులు చాలావరకు చదువుకున్నవాళ్ళు: డాక్టర్లు, లెక్చరర్లు, కవులు, కనీసం ఉద్యోగం దొరకని పట్టభద్రులు. వాళ్ళు హోటలుకు పోతారు, కాఫీ తెప్పించుకుంటారు, అది చల్లారిపోయేదాకా ప్రేమను గురించి మాట్లాడుకుంటారు. ఆ కాఫీ కాచినవాడికి కథలో పేరుండదు. అటువంటిది, కథ వంటింట్లోకి ప్రవేశించి, పొయ్యి ముందు నిలబడ్డవాడు కూడా ప్రేమించగల మనిషేనని చూపిస్తానంటే ఎవరికి ఆశ పుట్టదు? మా కాలేజీలో బి.ఏ. చదివే అమ్మాయి ఒకతె ఈ పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, "మాస్టారూ, శ్రమజీవి నాయకుడుగా ఉన్న కథలు రావాలంటారు గదా, ఇదిగో, చదివి చెప్పండి" అన్నది. ఆ మాటలో కొంత వేళాకోళం లేకపోలేదు. చదివాను. చెప్పవలసింది తరగతిలో చెప్పగలిగినదానికన్నా ఎక్కువైంది గనక ఇక్కడ రాస్తున్నాను.

నవల పేరు 'ద ఫుడ్ ఆఫ్ లవ్'. ఆంథొనీ కపెల్లా అనే ఆంగ్ల రచయిత రాసినది, 2004లో వెలువడింది. పేరు షేక్‌స్పియర్ 'ట్వెల్ఫ్త్ నైట్' నాటకపు మొదటి మాటల్లోంచి తీసుకున్నది. కథాస్థలం రోము నగరం. లారా అనే అమెరికన్ విద్యార్థిని చదువుకోసం అక్కడికి వస్తుంది. తారసపడిన యువకుల మోటు సరసాలతో విసిగిపోయి, ప్రేమిస్తే వంటవాణ్ణే ప్రేమించాలనే నిర్ణయానికి వస్తుంది. అప్పుడు తొమాసో అనే అందగాడు ఎదురై, తాను 'టెంప్లి' అనే గొప్ప రెస్టారెంటులో వంటవాణ్ణని చెప్పుకుంటాడు. నిజానికి అతడు అక్కడ వడ్డించేవాడు. వంటవాడు అతని స్నేహితుడు బ్రూనో. బిడియస్థుడు, నలుగురిలో నోరు పెగలనివాడు. లారా భోజనానికి వచ్చిననాడు తొమాసో బ్రూనోను బతిమాలి అతనిచేత వండిస్తాడు. లారా ఆ వంటకు వశమైపోతుంది, వండినవాడు తొమాసోయే అనుకుని. వండిన బ్రూనో ఆమెను చెప్పుకోలేని విధంగా ప్రేమిస్తాడు. తక్కిన కథ ఎటు పోతుందో పాఠకులు ఊహించగలరు. అటే పోతుంది.

ముందు రచయితకు న్యాయం చేయాలి. ఆయనకు తిండిని గురించి రాయటం తెలుసు. పదార్థాన్ని ఎంచటం, తరగటం, నూనెలో వేయటం, అది రంగు మారటం, వాసన లేవటం ఇవన్నీ చదువుతుంటే నిజంగానే ఆకలి వేస్తుంది. ఇది చిన్న విద్య కాదు. తిండిని గురించి రాయటం తక్కువ పని అనుకునే పెద్దమనుషులు మన సాహిత్యంలో ఉన్నారు. వాళ్ళతో నాకు ఏకీభావం లేదు. ఈ నవలలో తేలికదనం ఉన్నది, చలాకీతనం ఉన్నది, రైలు ప్రయాణంలో కాలక్షేపానికి పనికివస్తుంది. ఇంతటితో ఊరుకోవచ్చు గదా అంటే, ఊరుకోలేను. ఎందుకంటే రచయిత ఎత్తుకున్న ఇతివృత్తం కాలక్షేపానిది కాదు. ఒకడు చేసిన పనిమీద మరొకడు తన పేరు వేసుకుంటాడు, లోకం ఆ పేరునే నమ్ముతుంది. ఇంతకన్నా పెద్ద ఇతివృత్తం మన కాలంలో నాకు కనిపించటంలేదు. రచయిత చేతికి నిప్పు అందింది. ఆయన దానితో అగరువత్తి వెలిగించుకున్నాడు.

ఈ కథకు మూలం అందరికీ తెలిసినదే. ఎడ్మండ్ రోస్తాఁ రాసిన 'సిరానో ద బెర్జెరాక్' నాటకం 1897 డిసెంబరులో పారిస్‌లో మొదటిసారి ప్రదర్శించారు. ముక్కు పొడుగు కారణంగా తన్ను ఎవరూ ప్రేమించరనుకునే సిరానో, మాట చేతగాని అందగాడు క్రిస్తియాఁ కోసం ప్రేమలేఖలు రాసిపెడతాడు. రోక్సాను ఆ లేఖలు రాసిన మనసును ప్రేమిస్తుంది, ఆ మనసు క్రిస్తియాఁదనుకుని. కపెల్లా చేసిందల్లా లేఖల స్థానంలో వంటకాలు పెట్టటం. అనుసరణలో తప్పులేదు. అయితే అనుసరించేవాడు మూలంలోని ఏ భాగాన్ని వదిలిపెట్టాడో చూస్తే అతని దృష్టి బయటపడుతుంది.

రోస్తాఁ నాటకంలో ఆ మోసానికి మూల్యం ఉన్నది. రోక్సాను ప్రేమిస్తున్నది తనను కాదని తెలుసుకున్న క్రిస్తియాఁ యుద్ధరంగంలో చచ్చిపోతాడు. ఏళ్ళ తరబడి రోక్సాను కాన్వెంటులో గడుపుతుంది. లేఖలు ఎవరివో ఆమె గుర్తించేనాటికి సిరానో అవసానదశలో ఉంటాడు. ఒకడి పని మరొకడి పేరుతో చలామణీ అయితే ముగ్గురి జీవితాలూ వృథా అవుతాయని రోస్తాఁకు తెలుసు. ఆయన విప్లవ రచయిత కాడు. రాజుల కాలపు వైభవాన్ని రంగస్థలం మీద పునరుద్ధరించి మురిసిన మనిషి. అయినా నాటకనిర్మాణమే ఆయన్ను ఆ సత్యం దగ్గరికి తీసుకుపోయింది.

ఇంకొక సంగతి. రోస్తాఁ నాటకంలో వంటవాడు కూడా ఉన్నాడు! రెండో అంకమంతా రగెనో అనే మిఠాయి దుకాణదారుడి వంటశాలలో నడుస్తుంది. అతనికి కవిత్వమంటే పిచ్చి. కవులు వచ్చి పద్యాలు చదివి, అతని దుకాణంలోని తినుబండారాలు ఊరికే తిని పోతుంటారు. భార్య ఆ పద్యాల కాగితాలను పొట్లాలు కడుతుంది. చివరికి దుకాణం పోతుంది, భార్య పోతుంది, ముసలితనంలో అతడు మోలియేర్ నాటకశాలలో కొవ్వొత్తులు ఒత్తి బతుకుతుంటాడు. కష్టాల్లో ఉన్న వంటవాడంటే ఇతడు. కవుల పొట్టలు నింపి తాను దివాలా తీసినవాణ్ణి రోస్తాఁ నవ్వుతూనే చూపించాడు, మనమూ నవ్వుతాం, కాని అతని గల్లాపెట్టె ఎందుకు ఖాళీ అయిందో మనకు తెలుస్తూనే ఉంటుంది. 2004 నాటి నవలలో నాకు దొరకనిది ఆ గల్లాపెట్టె. బ్రూనోకు ప్రేమ చిక్కులున్నాయి. అతని జీతం గాని, పని గంటలు గాని, ఆ వంటశాల యాజమాన్యం గాని కథను మలుపు తిప్పిన చోటు ఒక్కటి కూడా నాకు కనిపించలేదు.

నేను ఆ చోటుకోసం ఎందుకంతగా వెతికానో చెప్పాలి. మా నాన్న హోటల్లో వంటవాడు. గుంటూరులో ఒక హోటలు వంటింట్లో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. హోటళ్ళలో వంటచేసేవాణ్ణి మనవైపు 'మాస్టరు' అంటారు. ఫ్రెంచివాళ్ళు 'షెఫ్' అంటారు. దాని అర్థం అధిపతి. పేరులో ఉన్న గౌరవం రెండుచోట్లా గొప్పదే. తెల్లవారుజామున మూడున్నరకు రంపపుపొట్టు పొయ్యి ముట్టించటంతో ఈ అధిపతి దినచర్య మొదలయ్యేది. ఇడ్లీలు, ఉప్మా, పూరీలు అయేసరికి తొమ్మిది. తరవాత భోజనాల గుండిగలు. మధ్యాహ్నం మూడింటికి బియ్యపు బస్తాల పక్కన ఒక గంట నడుము వాల్చి, మళ్ళీ సాయంత్రపు టిఫిన్లకు బాణలి పెట్టటం. ఆయన ముంజేతులమీద నూనె తుంపరలు పడి చిన్న చిన్న తెల్లమచ్చలుండేవి. చిన్నప్పుడు నేను వాటిని లెక్కపెట్టేవాణ్ణి, లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆయనకు అన్నం సహించేది కాదు. పగలంతా వాసన పీల్చినవాడికి కడుపు నిండినట్టే ఉంటుందట. మజ్జిగ తాగి పడుకునేవాడు.

ఆ హోటలు సాంబారుకు ఊళ్ళో పేరుండేది. పేరు హోటలుదే. బయట బోర్డుమీద యజమాని తండ్రి పేరు. మాస్టరెవరో తినేవాళ్ళకు తెలియనక్కరలేదు. అక్కడ సప్లయరొకాయన ఉండేవాడు, మాకు మామయ్య వరస అని కాదు గాని మేము మామయ్యా అనేవాళ్ళం. ఎవరైనా బల్లదగ్గర, "ఇవాళ సాంబారు బ్రహ్మాండంగా ఉందయ్యా" అంటే, ఆయన ఖాళీ గిన్నె పట్టుకుని వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి, "అన్నా, మూడో బల్ల మెచ్చుకుంది" అని కేకవేసేవాడు. అంతే. ఆ కేక విన్నప్పుడు మా నాన్న తలెత్తేవాడు కాదు, గరిటె తిప్పటం కొంచెం నెమ్మదించేది. పండుగ రోజుల్లో బల్లలమీద పడ్డ చిల్లర డబ్బుల్లో ఆయన కొంత తీసి మా నాన్న చొక్కా జేబులో వేసేవాడు. అది ఉపకారం కాదు, వాటా. తాను మోసుకుపోయింది ఎవరి పనో ఆయనకు తెలుసు. కాళ్ళల్లో నరాలు ఉబ్బి నిలబడలేని స్థితి వచ్చినప్పుడు మా నాన్నను రేపటినుంచి రావద్దన్నారు. సాంబారు పేరు మాత్రం ఆ తరవాత కొన్నేళ్ళు అక్కడే ఉండిపోయింది.

అందుచేత తొమాసోను, బ్రూనోను చూసినప్పుడు నాకు ఆ కిటికీ గుర్తుకు రావటం సహజం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. ఆ సామెత తినేవాడి దృష్టినుంచి పుట్టింది. వండేవాడి దృష్టినుంచి చూస్తే ప్రశ్న మరొకటి: వడ్డించేవాడు ఎవరివాడు? కపెల్లా నవలలో అతడు వంటవాడి పేరు కాజేసేవాడు. కాజేసి, తిరిగి ఇచ్చేవాడు కూడా కాగలడేమో. కాని తొమాసో కూడా జీతగాడే అన్న సంగతి కథకు అవసరమే అనిపించలేదు. నిజమైన దొంగతనం ఆ ఇద్దరి మధ్య జరగటంలేదు. వాళ్ళిద్దరి పనినీ కలిపి 'టెంప్లి' అనే పేరు కింద అమ్ముకోవటం రోజూ జరుగుతున్నది. దానిమీద నవలలో నవ్వు లేదు, కోపం లేదు, కనీసం ఆశ్చర్యం లేదు. పెద్ద దొంగతనాన్ని వాతావరణంలాగా వదిలేసి, చిన్న దొంగతనాన్ని కథగా చేయటం ఈ తరహా నవలల పద్ధతి. దానివల్ల పాఠకుడి కోపం పనివాడినుంచి పనివాడిమీదికి మళ్ళుతుంది, చివరి అధ్యాయంలో ఇద్దరూ రాజీపడగానే లోకమంతా సరిపోయినట్టు తోస్తుంది.

వంటశాలను గురించి రాయటం ఎవరికీ సాధ్యం కాలేదంటే కపెల్లాను క్షమించవచ్చు. కాని రాసినవాళ్ళున్నారు. జార్జి ఆర్వెల్ పారిస్ హోటల్లో గిన్నెలు కడిగి, ఆ అనుభవాన్ని 1933లో 'డౌన్ అండ్ అవుట్ ఇన్ పారిస్ అండ్ లండన్' అనే పుస్తకంలో పెట్టాడు. వంటింటికీ భోజనశాలకూ మధ్యనున్న తలుపు దాటగానే వడ్డించేవాడి నడక, ముఖం, భుజాల వాలు ఎట్లా మారిపోతాయో ఆయన చూపించాడు. తొమాసో వంటి మనిషిని అర్థం చేసుకోటానికి ఆ తలుపు చాలు. అటు రంకెలు, చెమట, మురికి. ఇటు వెన్నలాంటి వినయం. అబద్ధమాడటం తొమాసో స్వభావం కాదు, అతని ఉద్యోగం. ఎనిమిది గంటలు నటించటానికి జీతం తీసుకునేవాడు తొమ్మిదో గంటలో ఒక అమ్మాయి ముందు కూడా నటిస్తే అందులో నవ్వూ ఉన్నది, జాలీ ఉన్నది. కపెల్లా నవ్వును తీసుకుని జాలిని వదిలేశాడు.

ఆర్నాల్డ్ వెస్కర్ అనే నాటకకర్త స్వయంగా వంటశాలల్లో పనిచేసినవాడు. ఆయన నాటకం 'ద కిచెన్' 1959లో లండన్ రాయల్ కోర్ట్ రంగశాలలో ప్రదర్శించారు. అందులోనూ ప్రేమకథ ఉన్నది. వంటవాడు పీటర్ వడ్డించే మొనీక్‌ను ప్రేమిస్తాడు. నానాదేశాలవాళ్ళు పనిచేసే ఒక పెద్ద వంటశాల, భోజనాల రద్దీ, కేకలు, వేడి; ఈ రద్దీలో రెండు నిమిషాలు దొరికితే ప్రేమ, దొరక్కపోతే కొట్లాట. చివరకు పీటర్ గొడ్డలి తీసుకుని గ్యాసు గొట్టాన్ని నరుకుతాడు, పొయ్యిలన్నీ ఆరిపోతాయి. పనీ జీతమూ ఇస్తున్నా వీళ్ళకింకా ఏం కావాలో యజమానికి అర్థం కాదు. అతడు అబద్ధమాడటంలేదు, నిజంగానే అర్థం కాదు. వెస్కర్ చూపించిందేమంటే, పని చేసే పద్ధతి ప్రేమించే పద్ధతిని కూడా నిర్ణయిస్తుందని. బ్రూనో బిడియాన్ని కపెల్లా పుట్టుకతో వచ్చిన గుణంగా చూపిస్తాడు. పన్నెండేళ్ళ వయసునుంచి గోడవైపు తిరిగి పనిచేసిన మనుషుల్ని నేను చూశాను. వాళ్ళకు ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడటం రాదు. దానికి పుట్టుకతో పనిలేదు, గోడతో పని.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇది హాస్యం, ప్రణయం. సరదాగా చదువుకునే పుస్తకంలో పని గంటలూ జీతాలూ వెతకటం అన్యాయం గదా? సరదాకు రాసినదానిమీద వర్గదృష్టి అనే బండను వేయటం మొరటుతనం గదా? ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసివేయరాదు. మన పక్షంలో కొందరు విమర్శకులు నవ్వు కనపడితే నేరం కనిపెట్టినట్టు మాట్లాడటం నాకు తెలుసు. నేను నవ్వును అడ్డగించటంలేదు. తక్కువ నవ్వించినందుకు ఫిర్యాదు చేస్తున్నాను.

ఎంతదూరమో పోనక్కరలేదు. 'సిరానో' వెలువడిన 1897లోనే మన 'కన్యాశుల్కం' మొదటిసారి అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని పెంచి తిరగరాసిన రూపంలో పూటకూళ్ళమ్మ ఉన్నది. వితంతువు, తిండి అమ్ముకుని బతికేది, పట్నంలో ఒంటరిగా నిలదొక్కుకున్నది. గిరీశం ఆమె అన్నం తిని, ఆమె డబ్బు కాజేసి, మధురవాణి ఇంట్లో విలాసం వెలగబెడతాడు. ఆమె చీపురుకట్ట పుచ్చుకుని అక్కడికి వస్తుంది. గిరీశం మంచం కింద దూరుతాడు. అప్పటికే అక్కడ దూరి ఉన్న రామప్పంతులు దెబ్బ తింటాడు. తెలుగు రంగస్థలంమీద ఇంతగా నవ్వించిన ఘట్టాలు కొద్ది. అయితే ఆ నవ్వుకు మూలమేమిటి? డబ్బు. వంటచేసి సంపాదించిన ఒక స్త్రీ డబ్బును ఇంగ్లీషు మాటలు నేర్చినవాడొకడు తినేశాడు. ఆ లెక్క మనకు తెలియకపోతే చీపురుకట్ట ఉత్త చీపురుకట్ట. లెక్క తెలుసు గనకనే అది న్యాయస్థానమంత గంభీరంగానూ, చీపురుకట్టంత హాస్యంగానూ ఉన్నది. హాస్యానికి ఆర్థికం అడ్డం కాదు, కొన్నిచోట్ల ఆర్థికమే హాస్యానికి ప్రాణం. కపెల్లా చేతిలో తొమాసో అనే గిరీశం ఉన్నాడు. చీపురుకట్ట లేదు.

కథాస్థలం విషయంలో కూడా ఇదే జరిగింది. రోము వంటల చరిత్ర తెలిసినవాడికి టెస్టాచో పేట పేరు తప్పక తెలుస్తుంది. అక్కడ 1888-91 మధ్య నగరపు పెద్ద కబేళా కట్టారు. 1975లో అది మూతబడింది. పశువును కోసి నాలుగు పాళ్ళు వేస్తే మంచి మాంసమంతా డబ్బున్న ఇళ్ళకు పోయేది. మిగిలిన పేగులు, పొట్ట, గుండెకాయ, తోక వంటివి పేదలవి. వాటిని 'క్వింతో క్వార్తో', అంటే ఐదో పాలు అన్నారు. నాలుగు పాళ్ళున్న వస్తువుకు ఐదో పాలు ఎక్కడిదని లెక్కల మాస్టరు అడగవచ్చు. లెక్కలోకి రానివాళ్ళకు దక్కినది గనక అది ఐదోది. కబేళా కూలీలకు కూలిలో కొంత ఈ రూపంలోనే ముట్టేది. వాళ్ళ ఆడవాళ్ళూ, పక్కనున్న పూటకూటి ఇళ్ళవాళ్ళూ గట్టి తోకముక్కలను టమాటాలతో, సెలరీ కాడలతో గంటల తరబడి ఉడికించి మెత్తబరచారు. పాలు తాగే దూడ పేగుల్ని పాలతో సహా వండి 'పయాటా' చేశారు. పశువుల మెదడువ్యాధి భయంతో 2001లో ఆ పేగుల వాడకాన్ని నిషేధించి, 2015లో మళ్ళీ అనుమతించారు. నేడు ఈ వంటకాలు రోముకు గర్వకారణాలు, పర్యాటకులు వెతుక్కుని వచ్చి తింటారు. ఆకలి కనిపెట్టిన రుచి అది. ఈ రుచులు పుట్టిన నగరంలో వండేవాడి పేరు మాయం కావటాన్ని కథగా ఎత్తుకున్నవాడికి, ఆ నగరపు వంటచరిత్రే పేర్లు మాయమైన వంటవాళ్ళ చరిత్ర అని తట్టవలసింది. తట్టివుంటే బ్రూనో ఒంటరి ప్రతిభావంతుడుగా మిగిలేవాడు కాడు. వెనక వందల చేతులున్న మనిషి అయ్యేవాడు.

ఆ టెస్టాచోలోనే, కబేళాకు కొద్ది దూరంలో, ఒక శ్మశానవాటిక ఉన్నది. 1821లో మరణించిన కీట్సు సమాధి అక్కడే. 1937లో మరణించిన గ్రాంసీ చితాభస్మమూ అక్కడే. మన విద్యార్థులకు గ్రాంసీ గుర్తుండవలసిన విషయం ఒకటున్నది. జైల్లో రాసుకున్న నోటుపుస్తకాలలో ఆయన చవకబారు సీరియల్ నవలలను గురించి పేజీలకు పేజీలు రాశాడు. ఇటలీ ప్రజలు తమ రచయితలను వదిలి ఫ్రెంచి సీరియళ్ళను ఎందుకు ఎగబడి చదువుతున్నారని ప్రశ్న వేసుకున్నాడు. పాఠకులకు అభిరుచి లేదని వాళ్ళను తిట్టలేదు. వాళ్ళ ఆశలతో, వాళ్ళ భాషతో ఇటలీ రచయితలకు సంబంధం లేకపోవటమే కారణమన్నాడు. అందువల్ల, ఇటువంటి నవలలు చదవటం కాలహరణమనే మాట నా నోట రాదు. లక్షల మంది చదివే కథలో ఏదో నిజమైన కోరిక ఉంటుంది. ఈ కథలోనూ ఉన్నది. చేతిపని తెలిసినవాడు ప్రేమించదగినవాడని లారా అనుకోవటం, చేసినవాడికి చివరకు గుర్తింపు రావాలని పాఠకుడు ఆరాటపడటం, ఇవి రెండూ ఆరోగ్యకరమైన కోరికలు. నా నిరాశ అక్కడే. కోరిక పాఠకుడిలో నిజంగా ఉన్నది, రచయిత దాన్ని ఒక ముద్దుతో తీర్చి పంపేశాడు. బ్రూనోకు దక్కవలసినవి రెండు: ఒకటి ప్రేమ, రెండోది తన పనిమీద తన పేరు, ఆ పనిలో తన వాటా. మొదటిది ఇస్తే రెండోది అడగడని ఈ నవలల నమ్మకం.

తిండి రుచి చూసి దాని వెనక ఉన్న శ్రమసంబంధం ఎటువంటిదో చెప్పలేమని మార్క్సు 1859లోనే గమనించాడు. నాలుకకు ఉప్పూ కారమూ తెలుస్తాయి, జీతం తెలియదు. లారా నాలుక ఎంత సున్నితమైనదైనా ఆమెకు బ్రూనో తెలియకపోవటం ఆమె తప్పు కాదు. కాని మన భారతకథలో దమయంతికి తెలిసింది. వికృతరూపంలో వంటవాడుగా వచ్చిన బాహుకుడు వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసి, ఇది నలుడి చెయ్యేనని ఆమె పోల్చుకున్నది. ఆమె నాలుకకు ప్రత్యేక శక్తి లేదు. ఆ చేతితో ఆమె కాపురం చేసింది, అది వండుతుండగా చూసింది. చూసినవాళ్ళకే తెలుస్తుంది. చూడనివాళ్ళకు చూపించటానికే నవల అనే ప్రక్రియ ఉన్నది. నాలుక చేయలేని పని కథ చేయగలదు.

రాయాలనుకునే విద్యార్థులకు ఒక మాట. మీ హాస్టలు వంటశాలలో, మీ కాలేజీ క్యాంటీనులో, రాత్రి పదకొండింటికి మీరు ఫోనులో తెప్పించుకునే బిర్యానీ వెనక, పొయ్యి ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మోసుకొచ్చే కుర్రవాడి పేరైనా మీ ఫోనులో కనబడుతుంది. వండినవాడిది అదీ లేదు. అతడు ప్రేమిస్తాడు, అబద్ధాలాడతాడు, అసూయపడతాడు, నవ్వు పుట్టించే చిక్కుల్లో పడతాడు. అతన్ని గురించి ప్రేమకథ రాయండి, హాస్యంగానే రాయండి. కాని ముందొకసారి వంటింట్లోకి వెళ్ళి, అతడు పొద్దున ఎన్నింటికి వచ్చాడో, నెలకు ఎంత వస్తుందో అడగండి. ఆ రెండు సంగతులూ తెలిశాక అతని ప్రేమకథ మీరు మొదట అనుకున్న చోట ముగియదు.